మూయని గొయ్యి

మన తెలుగు సంఘములకు కొండ ప్రార్థన క్రొత్త సంగతి కాదు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన, ఇంకను తెల్లవారకమునుపే, జూయెట్ దొరగారును ఆయన భార్యయు, వారితో కొందరు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండ యెక్కి, ఆ సీమకు ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. నేటికిని దానిని ప్రార్థన కొండ యనియే పిలుచుచున్నారు. ఆ కొద్దిమంది కొండమీద విడిచివచ్చినది తమ ప్రార్థన తప్ప మరేమియు లేదని నేను తలంచుచున్నాను. మనము ఈస్టరు తెల్లవారుజామున కొండ యెక్కి దిగివచ్చునప్పుడు అక్కడ ఏమి విడిచివచ్చుచున్నాము? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్న నాకు వేదాంత పాఠశాలలో ఎవరును వేయలేదు. ఒక ముసలమ్మ వేసినది. ఆమె మన సంఘమునకు చెందినది కాదు.

జరిగినది చెప్పెదను. 2023 ఏప్రిల్ 9వ తేదీన ఈస్టరు. మా సంఘము వారమందరము, పిల్లలతో కలిసి 140 మందిమి, మా ఊరికి మూడు మైళ్ల దూరముననున్న కొండకు పోతిమి. ముసలివారు ఆటోలలోను, వయసువారు నడచియు వచ్చిరి. టవునులోని ఒక హోటలులో ఇడ్లీ, ఉప్మా పొట్లములు కట్టించితిమి. ఒక్కొక్క పొట్లము ఒక పసుపు కవరులోను, చట్నీ మరియొక చిన్న కవరులోను ఉండెను. త్రాగుటకు నీళ్ల ప్యాకెట్లు బస్తాలతో తెప్పించితిమి. టీకి కాగితపు గ్లాసులు.

ఆ దినమున నేను యోహాను సువార్త 20వ అధ్యాయమునుండి ఖాళీ సమాధిని గూర్చి ప్రసంగించితిని. పేతురు లోపలికి పోయి చూచినప్పుడు నారబట్టలు ఒకచోటను, ప్రభువు తలకు కట్టిన రుమాలు వేరుగా చుట్టి మరియొకచోటను ఉండెను గదా! మరణమును జయించి లేచిన ఆ గడియలోనైనను ఆయన తానున్న స్థలమును చిందరవందరగా విడువలేదని చెప్పి, దానిమీద పది నిమిషములు మాటలాడితిని. సంఘము వారు సంతోషించిరి. తరువాత మేము తిని, త్రాగి, పాటలు పాడుకొనుచు కొండ దిగితిమి. కవరులన్నియు కొండమీదనే యుండెను. వాటిని చూచినట్లు నాకు జ్ఞాపకమున్నది. చూచి ఏమియు అనుకొననట్లు కూడ జ్ఞాపకమున్నది.

జూలై నెలలో ఆ కొండ క్రింది పల్లెనుండి ఆ ముసలమ్మ మా ఇంటికి వచ్చెను. ఆమెకు భర్త లేడు. ఒక్క ఆవు పాలు కేంద్రమునకు పోసి బ్రతుకుచుండెను. ఆ ఆవు మేత మానెను. మేత మానినను కడుపు మాత్రము నిండుగా ఉబ్బియుండెను. పాలు తగ్గి, తరువాత నిలిచిపోయెను. చివరకు ఒకనాడు పడి మరల లేవలేదు. పశువుల డాక్టరు గారు కోసి చూడగా కడుపులో ఉండకట్టిన కవరులు తట్టెడు బయటపడెనట. అందులో పసుపు రంగువి కూడ ఉండెనట.

పశువులు పెంచుకొనువారికి ఈ సంగతి తెలిసినదే యైనను, తెలియనివారికొరకు చెప్పుచున్నాను. ఆవు మేతను మొదట నమలక మ్రింగి, కడుపులోని మొదటి పెద్ద అరలో నిలువచేసికొని, తరువాత తీరికగా నెమరు వేయును. మనము అన్నము మిగిల్చి ముడివేసి పారవేసిన కవరును అది విప్పలేదు. ఉప్పు వాసనకు, అన్నపు వాసనకు ఆశపడి ముడితో కూడ మ్రింగివేయును. ఆ కవరు అరగదు, ముందుకు పోదు. ఒకదానిమీద ఒకటి చేరి, త్రాళ్లతో, గుడ్డలతో పెనవేసికొని, మేతకు చోటు లేకుండ చేయును. కడుపు నిండియే పశువు ఆకలితో చచ్చును. పుట్టపర్తిలో పశురక్షణ చేయు కరుణ సొసైటీ వారు ఇట్టి ఆవులకు శస్త్రచికిత్స చేసి చేసి, 2012లో ఈ విషయమై సుప్రీం కోర్టు వరకును వెళ్లిరి.

ముసలమ్మ నాతో అన్నది ఇంతే: “అయ్యగారూ, నేను తగవుకి రాలేదు. మీ జనం కొండెక్కే రోజేదో ముందుగా ఎవరిచేతనైనా ఒక మాట చెప్పించండి. నాకు పెయ్యదూడ ఒకటి మిగిలింది. ఆ రోజూ, ఆ మర్నాడూ దాన్ని కట్టేసుకుంటాను.”

“అట్లే చెప్పించెదనమ్మా” అంటిని. మజ్జిగ త్రాగి వెళ్లెను. ఆమె నన్ను తిట్టియున్నట్లయితే ఆ రాత్రి నేను నిద్రపోయియుందును.

ఆదివారము ఆరాధన పిమ్మట సంఘపు పెద్దలను కూర్చుండబెట్టి సంగతి చెప్పితిని. వారిలో పెద్దవాడు, న్యాయము తెలిసినవాడు, ఇట్లనెను: “అయ్యగారూ, ఆ కొండకు మనమొక్కరమే పోవుచున్నామా? తిరునాళ్లకు పోవువారున్నారు, క్వారీ పనివారున్నారు, సాయంకాలమున సీసాలు పట్టుకొని పోవు కుర్రవాండ్రున్నారు. టవునులో ప్రతి అంగడియందును పసుపు కవరే. అది మనదని ముద్ర యున్నదా?” ఆయన మాట నిజమే. అంతేగాక అంత ఉండ మూడు నెలలలో పెరుగునది కాదనియు, ఎన్నో నెలలనుండి పోగైనదై యుండుననియు డాక్టరు గారే చెప్పిరి. మరియొక పెద్ద జాలిపడి, “పాపము, బీదరాలు. సహాయనిధినుండి రెండు వేలు ఇత్తము” అనెను. అందరును దానికి సమ్మతించునట్లుండిరి.

నాకు ఈ రెండవ మాటయే ఎక్కువ భయము పుట్టించెను. ఎందుకనగా అప్పుపడినవాడు ఆ అప్పును ధర్మమని పేరుపెట్టి ఇచ్చినయెడల, బాకీ తీరకపోగా పుణ్యము కూడ తన లెక్కలో వ్రాసికొనును.

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఒక చిన్న కట్టడ యున్నది. మన ప్రసంగములలో అది ఎన్నడును వినబడదు. ఒకడు గొయ్యి త్రవ్వి మూయక విడువగా, అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినయెడల, గొయ్యి త్రవ్వినవాడు దాని వెల యజమానునికి చెల్లింపవలెను. ఆ కట్టడ వాని ఉద్దేశమును విచారించుట లేదు. నీళ్లకొరకో ధాన్యమునకు పాతరగానో త్రవ్వియుండవచ్చును. అది మంచి పనియే. ఎద్దు పడవలెనని వాడు కోరలేదు. మూయలేదు, అంతే. మేము కొండకు పోయినది ప్రార్థనకే, పొట్లములు కట్టించినది పిల్లల ఆకలికే.

అయితే గొయ్యి ఒకడు త్రవ్వును గాని కవరు వందమందిది గదా, నా కవరు చంపినదని ఎట్లు తెలియును? ఇక్కడనే మనస్సాక్షి తప్పించుకొను త్రోవ యున్నది. ఈ త్రోవ మన రైతులకు బాగుగా తెలిసినదే. తూము క్రింద ఒక్కొక్క రైతును రాత్రివేళ కాలువ గట్టు జానెడు గండి కొట్టి తన మడికి నీరు పెట్టుకొనును. జానెడు గండికి చెరువు ఎండునా? ఎండదు. అయినను చివరి మళ్లవాని పైరు ఎండుచున్నది. ఎవరు ఎండబెట్టిరని అడిగిన ఊరిలో ఒక్కడును లేడు. చెప్పుకొనుటకు సిగ్గుపడునంత పెద్ద తప్పయినయెడల మోకరించి ఒప్పుకొందుము. కవరు పారవేసితినని మోకరించినవానిని నేను ఈ ముప్పది సంవత్సరముల సేవలో చూడలేదు. నేనును మోకరింపలేదు.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము చూడుడి. పొలములో ఒకడు చంపబడి పడియున్నాడు. చంపినవాడు ఎవడో తెలియదు. అప్పుడు పెద్దలు వచ్చి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరగా నుండునో ఆ ఊరి పెద్దలు పెయ్యను తెచ్చి, చేతులు కడుగుకొని, దేవుని క్షమాపణ వేడవలెను. తాము చంపలేదని వారే చెప్పుకొందురు, అది నిజమే కావచ్చును. అయినను కొలతలో దగ్గరివారైనందున ఆ భారము వారిదే. దోషి తెలియలేదు గనుక ఎవరికిని బాధ్యత లేదని ధర్మశాస్త్రము చెప్పుట లేదు. ఈ మాట నేను పెద్దలకు చదివి వినిపించితిని.

చాలసేపు వాదము జరిగెను. ఆవు వెల విచారింపగా ముప్పది వేలని తేలెను. చివరకు అందులో సగము, 15,000 రూపాయలు, క్రిస్మసు అలంకారమునకు కూడబెట్టిన సొమ్మునుండి తీసి ఇచ్చితిమి. సంఘపు పుస్తకములో దానిని సహాయమని వ్రాయక, అప్పు తీర్చుట యని వ్రాయించితిని. సగమను లెక్క ఎక్కడనుండి వచ్చినదని మీరడిగినయెడల నాయొద్ద జవాబు లేదు. మొదట మాటలాడిన పెద్ద ఇప్పటికిని దీనిని ఒప్పుకొనలేదు. ఇట్లు చెల్లించినయెడల చచ్చిన ప్రతి పశువును మన వాకిట పడవేయుదురని ఆయన భయము. అది వట్టి భయమని నేననను. ఇంతవరకు మరెవరును రాలేదు, వచ్చినప్పుడు మరల కూర్చుండి ఆలోచింపవలసినదే.

ఇక మరుసటి సంవత్సరము సంగతి. 2024 మార్చి 31న ఈస్టరు. ముందటి ఆదివారము నేను పులిపీఠమునుండి గట్టిగా ఆజ్ఞాపించితిని: కొండకు కవరు రాకూడదు, ఎవరి గ్లాసు, ఎవరి పళ్లెము వారు తెచ్చుకొనవలెను. అందరును ఆమెన్ అనిరి. కొండయొద్దకు పోయి చూడగా గ్లాసు తెచ్చినవారు ఇరువది మంది లేరు. చీకటిలో లేచి, పిల్లలకు బట్టలు తొడిగి, తలుపు తాళము వేసి పరుగెత్తువారికి గ్లాసు ఎట్లు జ్ఞాపకము వచ్చును? కొండ క్రింది అంగడిలో మరల నీళ్ల ప్యాకెట్లే కొంటిమి. నాకు కోపము వచ్చెను. మా స్త్రీల సమాజములో ఒక పెద్దమ్మ నెమ్మదిగా, “అయ్యగారూ, ఆదివారం లేని అలవాటు ఈస్టరునాడు వస్తుందా?” అనెను.

ఆ మాట నా ప్రసంగములన్నిటికంటె మేలైనది. దానియేలు సింహముల గుహకు సిద్ధపడినది రాజు ఆజ్ఞ వెలువడిన దినమున కాదు. ఆ ఆజ్ఞకు పూర్వము చేయుచుండినట్లే కిటికీలు తెరచి దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను. మన ప్రభువు విశ్రాంతిదినమున సమాజమందిరమునకు పోవుట ఆయనకు వాడుకయని లూకా వ్రాయుచున్నాడు. దేవుని కుమారునికే వాడుకలు కావలసివచ్చినప్పుడు, గ్లాసు మరచు మనవంటివారికి ఎంత కావలెను!

వాడుక ఎట్లు కుదురుకొనునో మిజోరము స్త్రీలనుండి నేర్చుకొనవచ్చును. అక్కడి ప్రెస్బిటేరియను సంఘములో 1910నుండి, ఇంటి ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము దేవుని పనికి తీసి వేరుగా పెట్టును. మన స్త్రీల సమాజములలో కూడ ఈ పద్ధతి తెలిసినవారున్నారు. దానిలోని కిటుకు చూడుడి. అన్నము వండుట ఎవరును మరువరు గనుక, దానితో ముడివేసిన పిడికెడును మరువరు. క్రొత్త పనిని ఎప్పుడును చేయుచున్న పాత పనికి కట్టివేయవలెను, విడిగా నిలువబెట్టినయెడల నాలుగు దినములలో పడిపోవును. కావున ఆ పెద్దమ్మ చెప్పినట్లే చేసితిమి. బైబిలు పెట్టుకొను సంచిలో స్టీలు గ్లాసు ఒకటి, మడిచిన గుడ్డసంచి ఒకటి ఎప్పుడును ఉండునట్లు కట్టడ చేసికొంటిమి. ఆదివారము గుడిలో నీళ్లు ఆ గ్లాసుతోనే త్రాగవలెను, తిరిగి పోవుచు సంతలో కూరగాయలు ఆ సంచిలోనే తెచ్చుకొనవలెను. మొదటి నెలలో సగముమంది మరచిరి. ఎవరినిగాని గద్దింపవద్దని నాకే ఆజ్ఞ యిచ్చిరి. దసరా నాటికి పిల్లలు తల్లులకు జ్ఞాపకము చేయసాగిరి.

2025 ఏప్రిల్ 20న ఈస్టరుకు పోవునప్పుడు గ్లాసును గూర్చి నేను ఒక్క మాటయు చెప్పవలసిన పని లేకపోయెను. మిగిలిన సామానుకు మాత్రము ముందుగా కూర్చుండి ఆలోచించితిమి. హోటలు పొట్లములు మానివేసి, ఇండ్లలోనే పులిహోర కలిపి పెద్ద క్యారియరులలో తెచ్చితిమి. చింతపండు పులుపునకు, నూనెకు అది ఎండలో కూడ చెడదు. కొబ్బరి చట్నీ అట్లు నిలువదు. మోదుగ ఆకు విస్తళ్లు కుట్టించితిమి. అంగడిలో దొరకు విస్తళ్లకు కొన్నిటికి అడుగున ప్లాస్టికు కాగితము అంటించియుండును, త్రిప్పి చూచి కొనవలెను. కాగితపు గ్లాసులకును లోపల ఆ పూతయే యున్నది. మనిషికి ఒక లీటరు చొప్పున ఇరువది లీటర్ల నీళ్ల క్యానులు ఎనిమిది మోయించితిమి. సంచి సర్దుటయు ఒక విద్యయే. బరువైనది నడుమ, వీపునకు ఆనునట్లు పెట్టినయెడల భుజము లాగదు. మొదట కావలసిన టార్చిలైటు, తువ్వాలు పైన నుండవలెను. చీకటిలో రాళ్లమధ్య పాములుండును గనుక దీపము లేక ఎవరును అడుగు వేయకూడదు. ఎండదెబ్బకు, విరేచనములకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపవలెను. ఆ రెండు పొట్లములు నా సంచిలో వేసికొంటిని. అన్నిటికంటె పైన ఖాళీ గోనెసంచులు రెండు, మిగిలినదెల్ల దింపి తెచ్చుటకు. కొండమీదనే తగులబెట్టుదమని యొకరనిరి. ఏప్రిల్ నెలలో ఎండిన గడ్డిమధ్య నిప్పు పెట్టుట ప్రమాదము, ప్లాస్టికు పొగ పీల్చుట విషము. వద్దంటిమి.

ఇంత సిద్ధపాటు విశ్వాసలోపము కాదా యని ఒక యౌవనస్థుడు నన్నడిగెను. పన్నిద్దరిని పంపునప్పుడు ప్రభువు రొట్టెనైనను సంచినైనను తీసికొనవద్దనెను గదా యని మార్కు సువార్త చూపెను. మంచి ప్రశ్న. అయితే లూకా 22వ అధ్యాయములో ఆయనే, ఇప్పుడు సంచిగలవాడు తీసికొనవలెనని చెప్పుచున్నాడు. మొదటిసారి వారిని చేర్చుకొను ఇండ్లు ముందుండెను, రెండవసారి శత్రువులుండిరి. ఏమి మోయవలెనను దానికి, ఎవరిమధ్యకు పోవుచున్నామో చూడవలెను. మన భారము ఎవరిమీద పడునో కూడ చూడవలెను. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల దండులో ప్రతివాడును ఆయుధములతో కూడ ఒక గసిక ఉంచుకొని, పాళెము వెలుపల బహిర్భూమికి పోయినప్పుడు నేల త్రవ్వి మలమును కప్పివేయవలెనని యున్నది. యుద్ధమునకు పోవు మూటలో దేవుడు స్వయముగా పెట్టించిన వస్తువు అది. కారణమేమనగా ఆయన ఆ పాళెములో సంచరించును గనుక.

అయిదువేల మంది తినిన తరువాతి సంగతియు చూడుడి. అంత జనములో రొట్టెలు కనబడినది ఒక చిన్నవానియొద్దనే. ఆ అయిదు యవల రొట్టెలను అయిదువేల మందికి చాలునట్లు చేసిన ప్రభువు, ముక్కలు పోగుచేయుడని శిష్యులను పంపెను. చాలనప్పుడు మరల చేయగలవాడు ముక్కలను ఎందుకు ఏరించెను? ఆ పచ్చికమీద విడిచిన నష్టమేమి? ఎత్తిన పన్నెండు గంపలకు నాలుగు సువార్తలలోను ఒకే గ్రీకు మాట యున్నది. యూదులు ప్రయాణములో వెంట తెచ్చుకొను చేతిగంప యది. నాలుగువేల మందికి పెట్టినప్పటి ఏడు గంపలకు మాట వేరు. దమస్కు గోడమీదనుండి పౌలును దింపినంత పెద్ద గంప. కాబట్టి ఆ పన్నెండును శిష్యులు ఎవరిది వారు మోసికొని వచ్చినవే యని నాకు తోచుచున్నది. ఖాళీగా వచ్చినవి నిండి తిరిగి వెళ్లెను. నా గోనెసంచులను చూచి ఇది జ్ఞాపకము చేసికొంటిని.

లోకము గతించిపోవునది, కొండను గూర్చి ఇంత చింత యేల యని ఉజ్జీవ కూటములలో చెప్పువారున్నారు. గతించువరకు ఆ కొండమీద ముసలమ్మ ఆవు మేయవలెను గదా. మరియొక మాట న్యాయమైనది: రెండు రూపాయల నీళ్ల ప్యాకెట్టు బీదవాని దాహము తీర్చుచున్నది, దానిని పాపమనవచ్చునా? అనరాదు. బీదవానిని గద్దించుటకు ఈ వ్యాసమును ఎవరైనను వాడినయెడల నేను దుఃఖపడుదును. ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలైనవాటిని ప్రభుత్వము 2022 జూలై 1నుండి నిషేధించినది. అయినను పెండ్లి పందిళ్లలో, పెద్దల ఇండ్ల విందులలో అవి కనబడుచునే యున్నవి.

2025లో కొండనుండి దింపినది గోనెసంచిలో సగమే. అందులో మావి కొన్నియే. క్రితము వారెవరో విడిచినవే ఎక్కువ, పిల్లలు ఏరి తెచ్చిరి. ముసలమ్మకు పది దినములు ముందుగా కబురు పంపియుంటిమి. పెయ్య ఇప్పుడు పెద్దదైనది. మేము దిగివచ్చునప్పటికి దానిని వాకిట గుంజకు కట్టివేసి, ముందు గడ్డి వేసియున్నది. నేను గోనెసంచి చూపి, “పెద్దమ్మా, ఈసారి ఏమియు విడువలేదు” అంటిని. ఆమె నవ్వి, “మంచిదే అయ్యగారూ, రేపొక్క రోజు కూడా కట్టేసుంచుతానులెండి” అనెను. వచ్చే ఈస్టరుకును కబురు పంపవలసియున్నది. ఆ పని సంఘపు పుస్తకములో నా పేరిటనే వ్రాసికొంటిని.